నల్లరాయి వెనక చిన్నరాయి

ప్రియమైన బామ్మర్దికి,

ఉత్తరం చూసి కంగారుపడకు. బాగానే ఉన్నాను, గొంతు తప్ప. ఆపరేషన్ చేసి మాట పుట్టే పెట్టె మొత్తం తీసేశారు. మెడ ముందు ఒక కన్నం పెట్టారు, ఊపిరి అక్కణ్ణించే. "మాట పోతుంది, మనిషి ఉంటాడు" అన్నాడు డాక్టరు, బేరం కుదిర్చినవాడిలా. ఇకమీద నాతో ఫోను అంటే గోడతో మాట్లాడినట్టే. అందుకని ఉత్తరాలు. మీ అక్క ఫోనులో చెప్పేవన్నీ నమ్మకు. నేను తినటం లేదంటుంది. గొట్టంలోంచి పోసేదాన్ని తినటం అంటారో తాగటం అంటారో తేలక నేనే వాదన మానేశాను.

కొట్టు తెరుస్తున్నాను. కళ్ళద్దాల పనికి నోరెందుకు. అద్దం మార్చి పెట్టి, ఇదా అదా అని వేలు చూపిస్తే చాలు, మిగతాది పలక మీద రాస్తాను. నాకు మాట రాదని తెలిసిన ఒక ముసలాయన చెవులు కూడా పోయాయనుకుని అరిచి చెబుతున్నాడు. ఆయన చూపు సంగతి నాకు తెలుసు కనక నేనూ పలక నిండా ఒక్కో అక్షరం రాస్తున్నాను. ఇద్దరం సుఖంగా ఉన్నాం.

ఇక అసలు విషయం. నల్లరాయి మళ్ళీ నక్షత్రానికి అడ్డం వస్తోంది. నీకు తెలిసిన కథే, అయినా మొదట్నించీ రాస్తాను. రాస్తుంటే మాట్లాడినట్టుంటుంది.

అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే రాళ్ళ గుంపులో అదొకటి. ఈ చివర్నించి ఆ చివరికి రెండొందల కిలోమీటర్ల పైమాటే. అంతుండీ మన చిన్న దుర్భిణికి ఆనదు. బొగ్గుకన్నా నలుపు, పడిన వెలుగునంతా మింగేసి కూర్చుంటుంది. ఏదైనా నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడే దాని జాడ. నక్షత్రం ఆరిపోతుంది, అది దాటాక వెలుగుతుంది. ఆరగానే "ఆరింది" అని, వెలగగానే "వెలిగింది" అని టేపులో చెప్పాలి. ఊరూరా అలా చెప్పినవన్నీ కలిపి మన పరిశీలకుల సంఘం వాళ్ళు దాని ఆకారం గీస్తారు.

పదకొండేళ్ళ కిందట దాని నీడ మన మేడమీదుగా పోయింది. అప్పుడే చీకటి పడింది. దుర్భిణి దగ్గర మన గువ్వ కూర్చుంది, టేపు నేను పట్టుకున్నాను. "ఆరింది" అంది. "వెలిగింది" అంది. అయిపోయిందనుకుని ఆపబోతుంటే "మళ్ళీ ఆరింది నాన్నా" అంది, ఆ మాట పూర్తికాకుండానే "వచ్చేసింది" అంది. అర సెకను. అంటే నల్లరాయికి తోడుగా చుట్టూ తిరిగే చిన్నరాయి ఒకటుందన్నమాట. దానికొక చందమామ. ఆ వరసలో చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు. పన్నెండేళ్ళ పిల్ల ఒక్కతే చెబితే ఒప్పుకోలేం అని సంఘం వాళ్ళు పక్కన పెట్టేశారు. రెండేళ్ళకి జ్వరం మెదడుకెక్కి గువ్వ పోయింది. చిన్నరాయి ఉందో లేదో తేలకుండా అలాగే ఉండిపోయింది.

ఈసారి నీడ మీ ఊరిమీదుగా పోతోంది. మా వైపు రాదు, నేను ప్రయాణం చెయ్యలేను. నువ్వు చూడాలి. నీ కళ్ళు నేనే పరీక్ష చేశాను, వంక లేదు. దుర్భిణి నిన్ననే పార్సెల్ చేశాను. నువ్వు ఒప్పుకునేదాకా ఆగలేదని తెలుస్తూనే ఉందిగా.

నీ మూగ బావ

*

ప్రియమైన బావకి,

దుర్భిణి క్షేమంగా చేరింది. ఆ పొడుగు పెట్టె చూసి మా కండక్టరు గొంతు తగ్గించి "ఎవరన్నా పోయారా" అని అడిగాడు. బావ పంపాడు అన్నాను. అయితే ఇంకా అనుమానంగా చూశాడు.

నీ ఉత్తరం డిపోలో బస్సు దగ్గరే చదివాను. ఆ పూట మొదటి ట్రిప్పు ఆలస్యంగా తీశాను, మేనేజరు చేత నాలుగు చీవాట్లు తిన్నాను. నీ ఖాతాలో రాసుకుంటాను.

బావా, గువ్వ మాట ఎత్తితే నాకు కనపడేది ఆకాశం కాదు. సెలవులకి వచ్చినప్పుడు నా బస్సులో ముందు సీటు దానిది. నేను బ్రేకు వేసినప్పుడల్లా తనూ కాలుతో నేలని నొక్కేది. దిగేటప్పుడు "మామయ్యా, ఇవాళ బాగా తోలాం" అనేది. ఆ సీటులో ఇప్పటికీ ఎవరన్నా పిల్లలు కూర్చుంటే నేను అద్దంలోకి చూడను.

చూస్తాను. నువ్వడిగితే కాదనే మొహం నాకు లేదు. కానీ ఒక షరతు. అక్క ఫోను చేసింది. రేడియేషన్ వెంటనే మొదలుపెట్టాలని డాక్టరు చెబితే, ఆ నీడేదో పోయాక చూద్దామని పలక మీద రాసి చూపించావట. ఇదేం తెలివి బావా. దాయాది చావు కోరితే బావమరిది బతుకు కోరతాడని సామెత. నా సామెతని నేను నిలబెట్టుకోవద్దా. నువ్వు ఆసుపత్రికి పోతేనే నేను దుర్భిణి దగ్గర కూర్చుంటాను. లేకపోతే పెట్టె తిరుగు బస్సులో వచ్చేస్తుంది.

ఇంకొకటి అడగాలని ఉంది, అడగలేక ఇంతసేపు రాశాను. ఏమీ కనపడకపోతే? లేదని తేలితే? గువ్వ టేపు పెట్టుకుని దాని గొంతు వింటూ కూర్చుంటావని, తను పెరట్లోకి పోయి నిలబడుతుందని అక్క చెప్పింది. మా అక్క ఇంకెన్నాళ్ళు పెరట్లో నిలబడాలి బావా.

నీ బామ్మర్ది

*

ప్రియమైన బామ్మర్దికి,

నువ్వే గెలిచావు. ఆసుపత్రికి పోతున్నాను. ఒక బల్ల మీద పడుకోబెట్టి, మొహానికి వల లాంటిది బిగించి, అందరూ బయటికి పోయి తలుపేసుకుంటారు. లోపల నేనూ ఆ యంత్రమూ మిగులుతాం. అదీ మాట్లాడదు. మెడ చుట్టూ చర్మం నల్లబడింది. కొట్టుకొచ్చిన ఒకావిడ "కాలిందా" అంది. అవునని తలూపాను, ఎందుకొచ్చిన గొడవ.

నీ ప్రశ్నకి జవాబు. ఈసారి సంఘం కార్యదర్శి గట్టి ఏర్పాటే చేశాడు. నీడ పోయే దారికి అడ్డంగా, ఆరేడు కిలోమీటర్లకి ఒకరు చొప్పున ముప్పై మందిని కూర్చోబెడుతున్నాడు. దడి కట్టినట్టు. గువ్వ చెప్పిన అర సెకను లెక్క ప్రకారం చిన్నరాయి ఎనిమిది కిలోమీటర్లకి తక్కువ ఉండదు. ఉంటే ఎవరో ఒకరి కంట పడకుండా పోలేదు. నువ్వు కూర్చునేది ఆ దడిలో ఒక కర్ర. నల్లరాయి వెనక దాక్కుని ఉంటే ఎవరికీ కనపడదు అనుకో. ఆ సాకు నాకూ తెలుసు. దాన్ని వాడుకోనని నాకు నేను మాటిచ్చుకున్నాను.

లేదని తేలితే లేదని రాయి. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళు కొట్టు నడిపాను, ఒక్కడికీ కళ్ళ విషయంలో తీపిమాట చెప్పలేదు. చెబితే వాడు బయటికి పోయి గోడకి గుద్దుకుంటాడు. లారీ నడిపేవాడికి ఇంక నడపకు అని చెప్పాను, చొక్కా పట్టుకున్నాడు. అయినా చెప్పాను. ఈ మధ్య నా చుట్టూ అందరూ తీపిమాటలే. డాక్టరు నాకేసి చూడకుండా కాగితాలకేసి చూసి "బాగుంది" అంటాడు. కళ్ళు చూసి బతికేవాడికి ఆమాత్రం తెలీదా. మీ అక్క వంటింట్లో ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, ఉల్లిపాయలంటుంది. నేను ఉల్లిపాయలు తిని ఎన్నాళ్ళయిందో.

నువ్వొక్కడివి మిగిలావు. నాకు కావలసింది నీ జాలి కాదు, నీ కళ్ళు.

టేపు సంగతి నిజమే. మీ అక్క ఉన్నప్పుడు పెట్టటం మానేశాను. ఇప్పుడు ఆసుపత్రి నుంచి వచ్చాక చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాను. నాకు మాట ఉన్నరోజుల్లో దాని గొంతు ఎవరి పోలికో తెలిసేది కాదు. నాది పోయాక తెలిసింది.

తెల్లవారుజామున పొగమంచు ఉండొచ్చు. కటకం తుడిచేందుకు మెత్తటి గుడ్డ పెట్టెలో అడుగున ఉంది.

నీ బావ

*

ప్రియమైన బావకి,

ఉంది.

ముందు ఆ మాట రాసేశాను, నువ్వు కాగితం మడతలు విప్పేలోపే కనపడాలని. డిపో వెనక ఖాళీ జాగాలో దుర్భిణి పెట్టుకున్నాను. ఆకాశం తేటగా ఉంది. నక్షత్రం ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది. వెలిగిన కాసేపటికి ఇంకోసారి, రెప్పపాటు, ఆరి వచ్చింది. గువ్వ చెప్పినట్టే.

టేపు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఎక్కువ రాయలేను, మొదటి బస్సు నాదే. ఆరోగ్యం జాగ్రత్త. ఆసుపత్రి మానకు.

నీ బామ్మర్ది

*

ప్రియమైన బామ్మర్దికి,

ఇది ఎన్నోసారి రాస్తున్నానో. మొదట రాసినవాటిలో సగం మాటలు ఎగరగొట్టాను.

టేపు వచ్చినప్పుడు మీ అక్క వంటింట్లో ఉంది. అలవాటుగా చెవి దగ్గర పెట్టుకున్నాను. నీ గొంతు "మళ్ళీ ఆరింది" అంది. అంతే, పెద్దగా పెట్టేశాను. ఇల్లంతా వినపడేలా. మీ అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. పెరట్లోకి పోలేదు. "అది తమ్ముడేనా" అంది. తలూపాను. "ఇంకోసారి పెట్టండి" అంది.

అసలు సంగతి విను. సంఘం కార్యదర్శి ఉత్తరం రాశాడు. ముప్పై మందిలో ఒక్కరికీ రెండోసారి ఆరటం కనపడలేదు, నీకు తప్ప. కానీ నీకు ఉత్తరం వైపు పక్క చోట కూర్చున్న టీచరమ్మకి ఏటిమీది మంచు కమ్మేసి ఏమీ కనపడలేదట. చిన్నరాయి నీడ నీ మీదా ఆవిడ మీదా పోయి ఉంటే, చెప్పగలిగేవాడివి నువ్వొక్కడివే. లెక్క సరిపోయింది అంటున్నాడు. ఆనాడు గువ్వ టేపు, ఈనాడు నీ టేపు, రెండూ కలిపి పైవాళ్ళకి పంపుతాడట. కొండమీది పెద్ద దుర్భిణిని దానికేసి తిప్పమని అడుగుతాడట. నీ దగ్గరికి మనిషిని పంపుతాడు, కాగితం మీద సంతకం పెట్టు. కనిపెట్టినవాళ్ళ వరసలో మొదటి పేరు గువ్వది, రెండోది నీది. మామయ్యా మేనకోడలూ మళ్ళీ పక్కపక్క సీట్లలో.

నా ఆరోగ్యం గురించి మీ అక్క నీకు చెప్పే ఉంటుంది. నాకు చెప్పలేదు కాని, చెప్పనక్కర్లేదు. ఇప్పుడు ఎలా ఉన్నా ఫరవాలేదు. నా బిడ్డ చూసింది నిజం.

నీ బావ

*

ప్రియమైన బావకి,

కూర్చుని చదువు. అక్క దగ్గర లేనప్పుడు చదువు.

నేను చూడలేదు.

కనపడలేదని కాదు. చూడలేదు. రెండింటికీ తేడా నీకు నేను చెప్పక్కర్లేదు.

ముందురోజు సాయంత్రం అక్క ఫోను చేసింది. రేడియేషన్ పట్టటం లేదని, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పాడట. మాట మధ్యలో ఆగిపోయి "ఆయనకి ఆ రాయన్నా దొరకనియ్యిరా" అంది. ఆ రాయి పేరెత్తితే విసుక్కునే మనిషి. నేను అప్పుడే నిశ్చయం చేసుకున్నాను, ఏది కనపడినా ఉందనే రాయాలని.

తెల్లవారుజామున కూర్చున్నాను. నక్షత్రం ఆరటం చూశాను, వెలగటం చూశాను. ఆ రెండూ నిజం. ఇంక గువ్వ చెప్పిన ఘడియ రావాలి. అప్పుడు భయం వేసింది బావా. చూసి, ఏమీ కనపడకపోతే, కనపడిందని నీకు రాయటానికి నా చెయ్యి ఆడదు. నీ ఉత్తరం జేబులోనే ఉంది. నీ జాలి కాదు నీ కళ్ళు అన్నావు. చూస్తే అబద్ధం చెప్పలేను. చూడకపోతే, ఉందో లేదో నాకూ తెలియదు కదా, ఉండే ఉంటుంది, అని చెప్పుకోవచ్చు. దుర్భిణి మీంచి మొహం ఎత్తేశాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. మూసుకునే "మళ్ళీ ఆరింది" అని టేపులో అన్నాను.

టీచరమ్మకి మంచు పట్టిందని నాకు తెలియదు. ముప్పై మందిలో ఒకణ్ణి, నా ఒక్క కర్ర లేకపోతే దడికి ఏమవుతుంది అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది. అది ఉండి ఉంటే, సరిగ్గా ఆ ఘడియలో నా నెత్తిమీదుగానే పోయి ఉంటుంది. చూడవలసినవాడు కళ్ళు మూసుకున్నాడు.

సంఘం మనిషి నిన్న వచ్చాడు. కాగితం మీద గువ్వ పేరు రాసి ఉంది, దాని కింద ఖాళీ. కలం తీశాను. నిజంగా చూసిన పిల్ల పేరు కింద చూడనివాడి పేరు ఎలా పెట్టను. ఒంట్లో బాగాలేదని చెప్పి పంపించేశాను. వాడు పోయి నీకు రాస్తాడు. అది వాడి నోట కాక నా నోట వినాలని రాస్తున్నాను.

నిన్ను క్షమించమని అడగను. ఆ మాట చదివే ఓపిక కూడా నీకు లేదని తెలుసు. సెలవు పెట్టాను. నువ్వు రమ్మంటే వస్తాను, వద్దంటే ఊరి బయట బస్సు స్టాండులో కూర్చుంటాను, అక్కకి అవసరమైనప్పుడు కబురు చెయ్యి.

బామ్మర్ది

*

బామ్మర్దికి,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. గొంతు ఉన్నరోజులైతే ఫోను చేసి చెడతిట్టి, మర్నాటికి మరిచిపోయేవాణ్ణి. కాగితం మీద రాసిన తిట్లు చల్లారవు. రాసి, చదువుకుని, చించేశాను.

సంఘానికి నిజం రాశాను. నీ టేపు లెక్కలోకి తీసుకోవద్దన్నాను, కారణం కూడా రాశాను. కార్యదర్శి మంచివాడు, బాధపడుతూ జవాబిచ్చాడు. పెద్ద దుర్భిణిని ఇంక అడగలేడట, ఒకసారి నవ్వులపాలైతే మళ్ళీ ఎవరూ వినరట. ఇలాంటి నీడ మనవైపు ఇంకోసారి రావటానికి ముప్పై ఏళ్ళు పడుతుంది. నాకు ముప్పై వారాలు కూడా లేవు.

నువ్వు చూసి, లేదని రాసి ఉంటే ఏడ్చేవాణ్ణి. బాగా ఏడ్చి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు దేనికని ఏడవను. ఏదీ తేలలేదు. ఇది నీ మీద కోపంతో రాయటం లేదు. నిన్ను ఇంక కోప్పడలేను. ఉన్నమాట రాస్తున్నాను, అంతే.

మీ అక్క సంగతి చెప్పాలి. ఆ టేపు విన్న రోజునుంచి మనిషి మారిపోయింది. గువ్వ బట్టల పెట్టె తెరిచింది. గౌన్లు ఉతికి, దండెం మీద ఆరేసింది. పక్కింటావిడతో "మా అమ్మాయి కనిపెట్టిందండీ, ఎవరూ నమ్మలేదు, మా తమ్ముడు కూడా చూశాడు" అని చెబుతుంటే కిటికీలోంచి విన్నాను. ఇన్నేళ్ళలో ఆవిడ "మా అమ్మాయి" అనటం నేను వినలేదు. నా పక్కన కూర్చుని అన్నం తింటోంది. పడుకుంటే నిద్రపోతోంది.

చెప్పెయ్యాలని నిన్న సాయంత్రం పలక పట్టుకుని వెతికితే, ఇంట్లో లేదు. మేడ మీద ఉంది. గువ్వ పోయాక ఎక్కనిది. మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కాను. గోడకి చేరబడి పైకి చూస్తోంది. నన్ను కూర్చోబెట్టి, ఆయాసం తగ్గేదాకా వీపు నిమిరింది.

"ఏ వైపుంది?" అంది.

ఆ వేళకి నల్లరాయి ఉదయించనే లేదు. మన కాళ్ళకింద, భూమికి అవతల ఎక్కడో ఉంది. పలక ఒళ్ళోనే ఉంది. సుద్దముక్క చేతిలో ఉంది. నేను చెయ్యెత్తి, కాస్త ఖాళీగా కనపడిన చోటు చూపించాను.

చాలాసేపు అటే చూసింది. "ఏమీ కనపడదు కదూ" అంది.

తలూపాను.

"అయినా ఉంది కదూ."

తలూపాను.

రోజూ ఎక్కుదాం అంటోంది. ఎక్కగలిగినన్నాళ్ళు ఎక్కుతాను.

నువ్వు రా. స్టాండులో కూర్చోటాలు అవీ వద్దు, తిన్నగా ఇంటికి రా. నేను పోయాక మీ అక్కకి నువ్వే దిక్కు. వచ్చిన మొదటి పూటే నీకు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని అడుగుతుంది, ఎలా ఉందిరా అది, మొత్తం చెప్పు అని. ఏం చెబుతావో బస్సులో ఆలోచించుకుని రా. నాకైతే మాట రాదు. నువ్వే చెప్పాలి.

నీ బావ